నిమ్మపండు రంగు బల్లి

బల్లి మీదపడితే తలస్నానం చేసి, పంచాంగంలో ఫలం చూసుకొనే ఇంట పుట్టినవాణ్ణి నేను. అమెరికాలోని మా మనవడు లెపర్డ్ గెకో అనే చిరుతమచ్చల బల్లిని ప్రాణంగా పెంచుకొంటున్నాడు. నిరుడు దాని పొట్టమీద తెల్లని గడ్డలు లేచాయి. “తాతయ్యా, నేనేమైనా తప్పు చేశానా?” అని ఫోనులో ఏడ్చాడు. జవాబు వెదకబోగా ఈ చరిత్ర తెలిసింది.

ఈ బల్లి పుట్టిల్లు దూరమేమీ కాదు. నేడు పాకిస్తానులో ఉన్న పంజాబు సాల్ట్ రేంజ్ కొండలలో దొరికినదానిని, 1854లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ మ్యూజియం క్యురేటరు ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. మచ్చలు గలదని సూచిస్తూ లాటిన్‌లో ‘మాక్యులేరియస్’ అన్నాడు. కాలక్రమాన అది పాశ్చాత్యుల గాజుపెట్టెలకు చేరింది. కొత్త రంగులకోసం జతలు కూర్చారు. అమెరికాలో ఒక పిల్ల నిమ్మపండు ఛాయతో పుట్టింది. ‘లెమన్ ఫ్రాస్ట్’ అని మురిశారు. తీరా చూస్తే ఆ వంశంలో నూటికి 80కి పైగా బల్లులకు కంతులు! ఆ రంగూ ఆ రోగమూ స్పింట్1 అనే జన్యువు దగ్గరే ముడిపడి ఉన్నాయని 2021లో లాస్ ఏంజెలెస్ పరిశోధకులు తేల్చారు.

మావాడి బల్లి ఆ వంశానిదే. “తప్పు నీ పోషణలో లేదు నాయనా, మనుషుల రంగుల మోజులో ఉంది” అన్నాను. వాడు దానికి వెచ్చని మూల అమర్చి, పురుగులు తానే అందించి తినిపిస్తున్నాడు. జత మాత్రం కట్టనన్నాడు.

బల్లి మనమీద పడితే ఫలమేమిటో మన గౌళిశాస్త్రం చెప్పింది. మనం బల్లిమీద పడితే దాని గతేమిటో చెప్పలేదు.