కొయ్య ముఖానికి ఊరూ పేరూ

హాస్టల్ పిల్లల్ని హైదరాబాద్ తీసుకెళ్తే సాలార్‌జంగ్ మ్యూజియం చూడకుండా మేం తిరిగి రాము. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1914లో దివాన్ పదవి వదిలాక, 1949లో కన్నుమూసే దాకా దేశదేశాల శిల్పాలు, చెక్కడాలు కొంటూనే ఉన్నారు. అందరూ ఆగిపోయే మేలిముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మను మాత్రం వాళ్ల తాత, మొదటి సాలార్‌జంగ్, 1876లో రోమ్‌లో కొన్నారు. చెక్కింది బెంజోని అనే ఇటలీ శిల్పి. చేసిందెవరు, కొన్నదెవరు, ఎక్కడ, ఎప్పుడు, అన్నీ రాసి ఉన్నాయి.

మరి మనవి?

ఆర్మూరు నుంచి గోదావరి దాటితే నిర్మల్. అక్కడి బొమ్మలకు వాడే తేలికైన పొణికి కర్రతోనే మన నాయకపోడులు లక్ష్మీదేవర ముఖం చెక్కిస్తారు. ఇంకా పైకి, జైనూరు పక్కన ఉషేగాంలో ఓజాలున్నారు. మట్టి ముద్ద మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి ఇత్తడి పోస్తారు. బొమ్మ బయటికి రావాలంటే అచ్చు పగలాల్సిందే. అందుకే ఒకదానిలా ఇంకోటి ఉండదు. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

గుర్తింపు కళకు వచ్చింది, చేసిన చేతికి రాలేదు. మన ముఖాలు, గంటలు ఎవరి గాజు బీరువాలోకి చేరినా, కింద చీటీ మీద ‘గిరిజన కళ’ అని రెండు మాటలే ఉంటాయి. పసుపు యార్డులో కుప్పకు కూడా రైతు పేరుతో చీటీ ఉంటుంది కదా! ఇంట్లో పాత ఇత్తడి గంటను కిలో లెక్కన తూకానికి వేస్తే ఆ రెండు మాటలూ మిగలవు.

వందేళ్లు దాటిన శిల్పాన్ని ఎవరంటే వారు విదేశాలకు పంపకుండా 1972 పురావస్తు చట్టం ఆపుతుంది. మీ తాత చెక్కించిన ముఖానికి ఇంకా అరవై ఏళ్లే అయితే ఆ చట్టం దాని దగ్గరికి రాదు. దాన్ని కాపాడాల్సింది ఇంట్లోవాళ్లే.

1940లలో హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉండి గోండుల బతుకును ఫొటోలు తీశారు, రాసిపెట్టారు. ఆ పనికి ఇప్పుడు మీ చేతిలో ఫోనుంది. ఈ సెలవుల్లో ఊరెళ్లినప్పుడు అడగండి: ఎవరు చేశారు, ఏ ఊరు, ఎవరు చేయించారు, ఏ పండుగకు బయటికి తీస్తారు? దేవుడి ముఖాన్ని ఫొటో తీయొద్దని పెద్దలంటే తీయకండి, రాసుకుంటే చాలు.