తాండూరు దుమ్ములో కారు ఇంజిన్‌కు ఊపిరి అందుతోందా? ఫిల్టర్ మారిస్తే పికప్ నిజంగా పెరుగుతుందా?

వికారాబాద్/తాండూరు: కారు కొన్న కొన్నాళ్లకే బానెట్ కింద కంపెనీ ఎయిర్ ఫిల్టర్ డబ్బా పీకేసి, మెరిసే కోన్ ఫిల్టర్ బిగించుకోవడం యువతలో ఒక షోకు. యాక్సిలరేటర్ తొక్కగానే వచ్చే 'బుస్స్' శబ్దం విని బండి పికప్ పెరిగిందని అనుకుంటారు. పెరిగింది చాలాసార్లు శబ్దమే. తాండూరు లాంటి చోట దీనికి ఇంజిన్ బోరే మూల్యం కావచ్చు.

ఇంజిన్ పెట్రోలుతో ఎంత నడుస్తుందో గాలితోనూ అంతే నడుస్తుంది. 1197 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే, లెక్క ప్రకారం 1197 సీసీల గాలి పీల్చాలి. కానీ వాల్వులు తెరిచి ఉండే సమయం తక్కువ. దారిలో ఫిల్టర్, పైపు వంపులు అడ్డం, పైగా బయటికి పూర్తిగా పోని పొగ కొంత లోపలే మిగులుతుంది. అందుకే మామూలు ఇంజిన్ 80 నుంచి 90 శాతమే నింపుకుంటుంది. ఈ శాతాన్నే వాల్యుమెట్రిక్ ఎఫిషియెన్సీ అంటారు. 4,000 ఆర్‌పీఎం మీద 85 శాతం చొప్పున చూసినా ఈ చిన్న ఇంజిన్ నిమిషానికి దాదాపు 2,000 లీటర్ల గాలి లాగుతుంది. అంటే ఇంటి మీది వెయ్యి లీటర్ల వాటర్ ట్యాంకులు రెండు, ప్రతి నిమిషం!

ఆ గాలి ఎలాంటిదన్నదే ఇక్కడ అసలు సంగతి. తాండూరు చుట్టూ నాపరాయి గనులు, బండల పాలిషింగ్ యూనిట్లు, కరన్‌కోట్‌లో సీసీఐ సిమెంట్ ఫ్యాక్టరీ ఉన్నాయి. బండల లారీ వెనకాల రెండు కిలోమీటర్లు పోతే చాలు, అద్దం మీద తెల్లటి పొర పడుతుంది. సున్నపురాయి పొడి కొంత మెత్తనే. దాంతో కలిసి లేచే రోడ్డు మట్టిలోని సన్నని ఇసుక మాత్రం గరుకు కాగితం లాంటిది. అది ఫిల్టర్ దాటితే పిస్టన్ రింగులను, సిలిండర్ గోడను గీరుతుంది. తర్వాత ఆయిల్ తగ్గడం, నీలం పొగ, ఆఖరికి బోర్ పని. నాసిరకం కోన్ ఫిల్టర్‌లో గాలి సులువుగా దూరుతుందంటే దుమ్ము కూడా సులువుగా దూరుతున్నట్టే.

రెండో దెబ్బ వేడి. కంపెనీ డబ్బాకు ఉన్న పైపు బయటి చల్లగాలిని లాగుతుంది. ఓపెన్ ఫిల్టర్ ఇంజిన్ పక్కన కాగిన గాలిని పీలుస్తుంది. బయట 40 డిగ్రీలు ఉండి బానెట్ కింద 60 ఉంటే గాలి సాంద్రత 6 శాతం పడిపోతుంది. ఫిల్టర్‌తో కలిసొచ్చిందేమైనా ఉంటే అక్కడే పోయింది. అనంతగిరి ఎక్కేటప్పుడు బండి కొంచెం బరువుగా లాగడానికీ కారణం ఇలాంటిదే. 600 మీటర్ల ఎత్తులో గాలి సముద్రమట్టం కంటే సుమారు 5, 6 శాతం పలుచన. టర్బో ఉన్న బండ్లకు ఈ బాధ తక్కువ, అది గాలిని బలవంతంగా నెడుతుంది కాబట్టి.

మరి పనికొచ్చే మార్పులే లేవా? ఉన్నాయి. హెడ్ పోర్టింగ్, క్యామ్ మార్చడం, ఎగ్జాస్ట్ హెడర్లు వేయడం గాలి ప్రవాహాన్ని నిజంగానే పెంచుతాయి. అయితే ఆ లాభం ఎక్కువగా పై ఆర్‌పీఎంలో కనిపిస్తుంది. పోర్టులు మరీ పెద్దవి చేస్తే తక్కువ స్పీడులో గాలి వేగం తగ్గి, ట్రాఫిక్‌లో బండి ఇంకా మొద్దుబారుతుంది. రోజూ ఆఫీసుకు, పొలానికి పోయే కారుకు ఆ ఖర్చు దండగే.

చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసిన బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గరా తిప్పలే.

ఖర్చు లేని పని ఒకటుంది. ఫిల్టర్ దాటాక ఇంజిన్‌కు పోయే పైపు లోపల శుభ్రమైన తెల్లగుడ్డతో తుడిచి చూడాలి. దుమ్ము అంటితే డబ్బా క్లిప్పు సరిగా పడలేదో, రబ్బరు పైపు పగిలిందో, ఎలుక కొరికిందో చూసుకోవాలి. ఫిల్టర్‌ను నేలకేసి కొట్టడం, ఎయిర్ గన్‌తో ఫుల్ ప్రెషర్ పెట్టడం వల్ల కాగితం చిరుగుతుంది. మాన్యువల్‌లో దుమ్ము ప్రాంతాలకు ఇచ్చిన లెక్క ప్రకారం, అంటే మామూలు గడువు కంటే ముందే, కొత్తది వేయడం మంచిది.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు బానెట్ ఎత్తినప్పుడు కోన్ ఫిల్టర్ కనిపిస్తే, ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఆయిల్ మూత జాగ్రత్తగా తీసి చూడాలి. పొగ గుప్పుగుప్పున తన్నుకొస్తుంటే రింగులు అరిగి ఉండొచ్చు. కంప్రెషన్ టెస్ట్ చేయించకుండా బయానా ఇవ్వొద్దు.