తడబడు బొమ్మ

1984లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు ఎక్స్ విండో వ్యవస్థ అంకురించినప్పుడు, దాని నిర్మాతల మనస్సులలో చలనచిత్రమునకు తావు లేకుండెను. ఒకచోట నున్న యంత్రముపై నడచు ప్రోగ్రామును వేఱొకచోట నున్న తెరపై చూపుట, అక్షరములను గీతలను కిటికీలను నెట్‌వర్కు మీదుగా పంపుట వారికి ముఖ్యప్రయోజనములు. అందులకు ఆ వ్యవస్థ మిక్కిలి తగినదిగనే రూపొందెను. 1987లో వెలువడిన దాని పదునొకండవ రూపమే, 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నలును ప్రకటించిన పిమ్మట, ఆ కెర్నలుపై డెస్క్‌టాప్ కోరినవారికెల్ల ఆధారమయ్యెను. లినక్స్ తెరపై వీడియో ఆగి ఆగి నడచుట యను చిరకాలబాధ చరిత్ర ఇచ్చట మొదలగుచున్నది. ఆ బాధ పేరు నేటికిని మాఱలేదు గాని, దాని నివాసము మాత్రము కొన్నేండ్ల కొకమాఱు మాఱుచునే వచ్చెను. నిన్న ఫలించిన ఉపాయము నేడు వ్యర్థమగుటకు హేతు విదియే.

అంకెలు చూచినగాని తొలికాలపు కష్టము బోధపడదు. 720 చుక్కల వెడల్పు, 576 చుక్కల ఎత్తు గల డీవీడీ చిత్రమున ఒక్కొక్క ఫ్రేమునకు 4,14,720 చుక్కలుండును. చుక్కకు నాలుగు బైట్లు, సెకనుకు 25 ఫ్రేములు అని గణించినచో, సెకనుకు నాలుగుకోట్ల బైట్లకు పైగా గ్రాఫిక్సు కార్డునకు చేరవలెను. నాటి పీసీఐ మార్గము సిద్ధాంతరీత్యా సెకనుకు 13 కోట్ల బైట్లను మోయగలదే గాని, డిస్కు, సౌండుకార్డు, నెట్‌వర్కు కూడ తఱచుగ ఆ మార్గముననే పోవలసియుండెను. వీడియోలోని వర్ణసంకేతములను తెరకు తగిన వర్ణములుగ మార్చుట, చిత్రమును పెద్దది చేయుట యను రెండు పనులను ప్రాసెసరే చేసెడిది. ఎక్స్‌వీ యను విస్తరణము ఈ రెంటిని కార్డునకు అప్పగించి, చుక్కకు ఒకటిన్నర బైటుతోనే ఫ్రేమును పంపు వీలు కల్పించెను. ఈ విస్తరణము 1991నాటికే ఉన్నను, 2000లో, పీసీలపై ఎక్స్ వ్యవస్థను నడుపు ఎక్స్‌ఫ్రీ86 నాలుగవ రూపము వెలువడిన తరువాతనే సామాన్య లినక్స్ వాడుకరికి అందెను.

ఆ 2000 సంవత్సరముననే హంగరీ దేశీయుడు ఆర్పాద్ గెరెఓఫి, ఉన్న ప్లేయర్లతో తృప్తిపడక, ఎంప్లేయరును వ్రాయ నారంభించెను. బొమ్మ వెనుకబడినప్పుడు ఆ ప్లేయరు టెర్మినలుపై ముద్రించిన సందేశమును ఎఱుగని పాత వాడుకరి అరుదు. మీ యంత్రము దీనికి చాలదని మొగమోటము లేక చెప్పి, వెంటనే కారణముల పట్టికయు, ఒక్కొక్కదానికి ప్రయోగింపవలసిన ఉపాయమును అది చూపెడిది. ఆ పట్టికలో అగ్రస్థానము ప్రాసెసరునకు గాక, చిత్రమునకును గాక, దోషభూయిష్టమైన శబ్దపు డ్రైవరునకు దక్కుట ప్రథమదృష్టికి వింతగ తోచును. కాని ప్లేయరు సామాన్యముగ శబ్దమునే కాలమానముగ గ్రహించి, దానిని బట్టి ఫ్రేములను విడుదల చేయును. ఏలయన కన్ను లోపించిన ఫ్రేమును మన్నించునే గాని, చెవి శబ్దములోని చిన్న ఖాళీని కూడ సహింపదు. కాబట్టి శబ్దపు డ్రైవరు తప్పుడు గడియ చెప్పినచో నిర్దోషియైన చిత్రము తడబడును. ఇంత విషయమును ఒక దోషసందేశమే బోధించుట నాకు మిక్కిలి గౌరవింపదగినదిగ తోచును. నేటి ప్లేయర్లు మర్యాదగా గిరగిర తిరుగు చక్రమును మాత్రము చూపి ఊరకుండును.

డిస్కు వంతు కూడ స్వల్పము కాదు. ఐడీఈ డ్రైవులకు డీఎంఏ పద్ధతి నిలిపివేయబడియున్నచో, ప్రతి డేటా ముక్కను ప్రాసెసరే స్వయముగ మోయవలసివచ్చి డీవీడీ నత్తనడక నడచెడిది. హెచ్‌డీపార్మ్ అను ఆదేశముతో ఆ పద్ధతిని ఒక్కమాఱు నెలకొల్పినంతనే అదే యంత్రము హాయిగ బొమ్మ ఆడించెడిది. కెర్నలు దోషమును కొంత కలదు. 2001లో వచ్చిన 2.4 కెర్నలు, పురాణము చెప్పు శాస్త్రివలె, తాను చేపట్టిన ఘట్టము ముగియువఱకు ఇతరులకు మాట యీయకుండెను. కెర్నలు నిర్మాతలగు రాబర్ట్ లవ్, ఆండ్రూ మోర్టన్ మున్నగువారు చేసిన సవరణల ఫలముగ 2003 డిసెంబరునాటి 2.6 కెర్నలులో ఆ బిగువు సడలెను.

తరువాతి యేండ్లలో బాధ బ్రౌజరులో కాపురము పెట్టెను. 4,096 ప్రాసెసర్లను నడుపగల లినక్స్ బ్రౌజరులోని ఫ్లాష్ వీడియోను నిండుతెరపై సాఫీగ చూపజాలదని 2009లో ఎక్స్‌కేసీడీ వ్యంగ్యచిత్రము ఎత్తిపొడిచెను. అందు అతిశయోక్తి కొంచెమే. కుదించిన చిత్రమును విప్పు సామర్థ్యము అప్పటికే కార్డులలో నుండెను. దానిని ప్రోగ్రాములకు అందించుటకై 2008లో ఎన్విడియా వీడీపీఏయూను విడుదల చేసెను, ఇంటెల్ వీఏ-ఏపీఐను నిర్మించెను. అయినను ఫైర్‌ఫాక్సు లినక్సుపై ఇంటెల్ కార్డులకు ఆ సదుపాయమును తనంతట తాను వాడుకొనుట 2023నాటి 115వ రూపముతోగాని జరుగలేదు. ఇంతటి జాప్యము క్షమింపదగినది కాదని నా యభిప్రాయము.

యంత్రమున ఏ దోషమును లేకున్నను కలుగు తడబాటు మఱియొకటి కలదు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. తెర సాధారణముగ సెకనుకు 60 మాఱులు నవీకరింపబడును. 60ని 24 సమముగ భాగింపదు. అందుచేత ఒక ఫ్రేము మూడుమాఱులు, తరువాతిది రెండుమాఱులు కనబడి, కెమేరా మెల్లగ ప్రక్కకు తిరుగు దృశ్యములలో అదురు పుట్టును. ఎంప్లేయరు వంశమున 2012లో పుట్టిన ఎంపీవీ యను ప్లేయరులో తెర లయకు చిత్రమును కట్టి, శబ్దవేగమును వినరానంత స్వల్పముగ సవరించు ఏర్పాటు తరువాత చేరెను. శబ్దమే గడియారమను పూర్వనియమము ఇచ్చట తలక్రిందులయ్యెను. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ ఆరంభించిన వేలాండ్ అను తెరవ్యవస్థ ఎక్స్‌నే తొలగించి, సగము గీసిన ఫ్రేమేదియు తెరకు చేరకుండవలెనని సంకల్పించెను. 2016లో ఫెడోరా యను లినక్స్ పంపిణీ తన 25వ రూపమున దానినే స్వతస్సిద్ధమైన ఎంపికగ నిలిపెను.

ఇన్ని అంతస్తులు దాటిన పిమ్మట బాధ న్యాయశాస్త్రమున ప్రవేశించినది. 2022లో ఫెడోరా నిర్వాహకులు పేటెంటు భయమున హెచ్.264, హెచ్.265 చిత్రములను కార్డుచే విప్పించు భాగమును మెసా యను గ్రాఫిక్సు డ్రైవర్ల తమ ప్యాకేజీలలో నిలిపివేసిరి. కార్డు సమర్థమే, డ్రైవరు సమర్థమే, అయినను పని ప్రాసెసరుపై పడును. అట్టి యంత్రమున వీఏఇన్ఫో ఆదేశ మిచ్చి చూచినచో కార్డు విప్పగల రూపముల పట్టికలో హెచ్.264 కానరాదు, ఆర్‌పీఎం ఫ్యూజన్ భాండారమునుండి తగిన ప్యాకేజీని తెచ్చుకొన్నచో ఆ పేరు పట్టికలో మరల చేరును.