బోబన్ తన్ను ఎవరికి తగిలింది?

1990 మే 13న జాగ్రెబ్ నగరంలోని మాక్సిమిర్ స్టేడియంలో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ జరగాలి. ఆ ఊరి జట్టు డైనమోకీ, బెల్‌గ్రేడ్ నుంచి వచ్చిన రెడ్ స్టార్‌కీ పోటీ. ఒకటి క్రొయేట్ల జట్టు, రెండోది సెర్బుల జట్టు అని లోకం లెక్క. అంతకు వారం ముందే క్రొయేషియా ఎన్నికలు ముగిశాయి. ఫ్రాన్యో తుజ్‌మన్ జాతీయవాద పార్టీ గెలిచింది. రెడ్ స్టార్ అభిమానులు మూడు వేల మంది దాకా వచ్చారు. కుర్చీలు పీకి విసిరారు. కంచెలు విరిగాయి. మైదానంలోకి జనం దిగారు. డైనమో అభిమానిని పోలీసు లాఠీతో కొడుతుంటే చూసి, ఆ జట్టు కెప్టెన్ జ్వోనిమిర్ బోబన్ అనే ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు పరుగెత్తుకొచ్చి ఎగిరి ఆ పోలీసును తన్నాడు.

ఆ తన్ను క్రొయేషియాలో పటం కట్టుకునే బొమ్మ అయింది. సెర్బుల పెత్తనం మీద క్రొయేటు జాతి తన్నిన తొలి తన్ను అని చెప్పుకున్నారు. యుద్ధం ఇక్కడే మొదలైందని స్టేడియం దగ్గర స్మారకం కూడా పెట్టుకున్నారు. బోబన్‌ను సస్పెండ్ చేశారు, ఆ ఏడాది ఇటలీలో జరిగిన ప్రపంచ కప్ అతనికి తప్పిపోయింది. ఇవన్నీ అందరికీ తెలిసిన సంగతులే.

చాలామందికి తెలియనిది ఒకటుంది. ఆ పోలీసు సెర్బు కాదు. బోస్నియా ముస్లిం.

ఈ విషయం తెలిసిన రోజున మేం చాలాసేపు పని చేయలేకపోయాం. ఇద్దరు కొట్టుకుంటున్నారని లోకమంతా అనుకుంటున్న చోట, దెబ్బ తగిలిన మూడో మనిషి ఆ లెక్కలోనే లేడు. అతని యూనిఫాం కనపడింది. అతని పేరు ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఆ కథ అంత చక్కగా కుదిరేది కాదు.

యుగోస్లావియా అనే మాట హైదరాబాదు ఫుట్‌బాల్‌కు పరాయిది కాదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత జట్టును 10-1తో చిత్తు చేసింది ఆ దేశమే. మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ జట్టు కోచ్ హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్. రహీమ్ సాబ్ నేర్చుకున్నారు, నేర్పారు. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో మళ్లీ యుగోస్లావియాయే ఎదురైంది. ముందు గోలు కొట్టింది మనమే. చివరికి 4-1తో ఓడిపోయాం. ఆ ఏడాది వెండి పతకం తీసుకున్న యుగోస్లావ్ జట్టులో మొహమ్మద్ ముయిచ్, ఇబ్రహీం బియోగ్రాద్లిచ్ అని ఇద్దరున్నారు. ఒకరిది మోస్టార్‌లోని వెలెజ్ క్లబ్బు, ఇంకొకరిది సారాజెవో క్లబ్బు. మన జట్టులో నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, బలరాం. ఎవరు ఏ మతం తరఫున ఆడారని అప్పట్లో ఎవరూ విడగొట్టి చూడలేదు. రెండు దేశాలూ తమ తమ జట్లను చూసి మురిసిపోయాయి.

మా చిన్నతనంలో, 1992 తర్వాత, బోస్నియా అనే మాట మసీదులో దుఆగా మా చెవిన పడింది. జుమా నమాజు అయ్యాక ఇమాం సాబ్ మజ్లూముల కోసం చేతులెత్తేవారు, మేం ఆమీన్ అనేవాళ్లం. ఆ ముస్లింలు మా మొహల్లావాళ్లలాగే టోపీలు పెట్టుకుని ఉంటారని ఊహించుకునేవాళ్లం. తర్వాత ఫోటోల్లో చూస్తే జీన్స్ వేసుకున్న తెల్లతోలు మనుషులు. అయినా మాటలు మాత్రం దగ్గరివే. మొహల్లాను వాళ్లు ‘మహలా’ అంటారు. దుష్మన్‌ను ‘దుష్మనిన్’ అంటారు. ఒట్టోమాన్ తుర్కుల ఏలుబడి వదిలిపోయిన మాటలవి. ఇంకో తమాషా. రెడ్ స్టార్ అభిమానుల సంఘం పేరు ‘దెలియే’, అంటే తెగువగల వీరులు. తుర్కుల పేరెత్తితే మండిపడేవాళ్లు తమకు పెట్టుకున్న పేరే తుర్కీ మాట!

డెస్కులో పని మొదలుపెట్టాక, పాత ఏజెన్సీ వార్తలు తిరగేస్తుంటే ఒకటి మమ్మల్ని గుచ్చేది. ‘సెర్బులు, క్రొయేట్లు, ముస్లింలు’ అని రాసేవారు. మొదటి రెండూ జాతుల పేర్లు, మూడోది మతం పేరు. సెర్బులను ఆర్థొడాక్సులనీ, క్రొయేట్లను కేథలిక్కులనీ ఎవరూ రాయలేదు. అయితే ఈ పేరు పెట్టింది ఏజెన్సీలు కావు. 1971 జనాభా లెక్కల్లో టిటో ప్రభుత్వమే బోస్నియా ముస్లింలను ఒక జాతిగా గుర్తించింది. పెద్దక్షరంతో రాస్తే జాతి, చిన్నక్షరంతో రాస్తే మతం! మన తెలుగు లిపిలో, ఉర్దూలో ఆ సౌకర్యం లేదు కాబట్టి మనకా తేడా రాయనైనా రాదు. 1993లో, యుద్ధం మధ్యలో, వాళ్లు తమ షనాఖ్త్‌ను తామే ‘బోస్నియాక్’ అని మార్చుకున్నారు.

ఆ దేశంలో క్లబ్బులు మొదటినుంచీ జాతుల జెండాలేనా అంటే, కాదు. 1980 మే 4న స్ప్లిట్ నగరంలో హైదుక్, రెడ్ స్టార్ ఆడుతుండగా టిటో చనిపోయాడన్న వార్త వచ్చింది. ఆట ఆగిపోయింది. ఆటగాళ్లు మైదానంలోనే కూలబడి ఏడ్చారు. యాభై వేల మంది క్రొయేట్ నగరవాసులు టిటోకు ప్రమాణం చేస్తూ పాడారు. పదేళ్లు తిరిగాయి. 1990 సెప్టెంబరులో అదే స్టేడియంలో హైదుక్ అభిమానులు మైదానంలోకి దూకి యుగోస్లావ్ జెండా తగలబెట్టారు. ఈ పదేళ్లలో మనుషుల రక్తం మారిపోయిందా? మారింది రక్తం కాదు. అప్పులు పెరిగాయి, ధరలు ఆకాశానికంటాయి, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. పార్టీ పట్టు సడలిన చోటల్లా జాతి నాయకులు లేచారు. బెల్‌గ్రేడ్‌లో మిలోసెవిచ్, జాగ్రెబ్‌లో తుజ్‌మన్. వీళ్లకు కూడగట్టి ఉన్న జనం కావాలి. స్టేడియం గ్యాలరీలో జనం ముందే కూడి ఉన్నారు. నినాదాలు వచ్చు, జెండాలు వచ్చు, వాడు-మనం అనే భాష వచ్చు.

బెల్‌గ్రేడ్‌లో ఈ పని అప్పగించింది అర్కాన్ అని పిలిచే జెల్కో రజ్‌నాతోవిచ్‌కు. ఐరోపాలో బ్యాంకులు దోచి జైళ్లనుంచి పారిపోయిన నేరస్తుడు. రెడ్ స్టార్ అభిమానులను ‘క్రమశిక్షణ’లో పెట్టే బాధ్యత అతనిది. 1990 అక్టోబరులో అతను సెర్బ్ వాలంటీర్ గార్డు పెట్టాడు. టైగర్లు అనేవారు. అందులోకి గ్యాలరీ కుర్రాళ్లు చేరారు. వుకోవార్ నగరం 1991 నవంబరులో నేలమట్టమై పడిపోయింది. తర్వాతి మార్చిలో రెడ్ స్టార్, పార్టిజాన్ మ్యాచ్ జరుగుతుండగా ఆ టైగర్లు యూనిఫాంలో వచ్చి రోడ్డు బోర్డులు ఎత్తి చూపారు. వుకోవార్ ఇరవై మైళ్లు, పది మైళ్లు, వుకోవార్‌కు స్వాగతం! నిన్నటిదాకా ఒకరినొకరు తిట్టుకున్న రెండు గ్యాలరీలూ కలిసి చప్పట్లు కొట్టాయి. పది రోజులు గడిచేసరికి టైగర్లు బోస్నియాలోని బియేలినా వీధుల్లో ముస్లింలను కాల్చి చంపుతున్నారు. సెర్బియా మేధావి ఇవాన్ చోలోవిచ్ ఈ గ్యాలరీ నుంచి యుద్ధరంగానికి వెళ్లే దారిని ఆ రోజుల్లోనే రాశాడు. సెర్బులందరూ ఒక్కటి కారని చెప్పడానికే ఈ పేరు రాస్తున్నాం.

ఇదే రెడ్ స్టార్ 1991 మే 29న ఇటలీలోని బారీలో యూరప్ కప్పు గెలిచింది. ఆ రోజు ఆడినవాళ్లెవరు? పాంచెవ్ మాసిడోనియావాడు. సవిచెవిచ్ మాంటెనీగ్రోవాడు. ప్రొసినేచ్కి తండ్రి క్రొయేటు, మిహైలోవిచ్ తల్లి క్రొయేటు. వెనక కాపలా కాసిన రెఫిక్ షబనాజోవిచ్ ముస్లిం. మైదానంలో ఆడేది ఒక జట్టు, గ్యాలరీలో ఊహించుకునేది ఇంకో జట్టు.

ఫరూక్ హాజీబెగిచ్ సంగతి చూడండి. 1990 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్, అర్జెంటీనాతో. మ్యాచ్ పెనాల్టీలకు వెళ్లింది. యుగోస్లావ్‌లు ముగ్గురు గోలు చేయలేకపోయారు. స్తోయ్‌కోవిచ్ సెర్బు, బ్ర్నోవిచ్ మాంటెనీగ్రోవాడు, చివర సారాజెవోకు చెందిన ఫరూక్. లోకం గుర్తుపెట్టుకున్నది ఫరూక్‌ను. నువ్వు ఆ గోలు కొట్టి ఉంటే దేశం నిలిచేదేమో అని ఇన్నేళ్లుగా అతన్ని అడుగుతూనే ఉన్నారు. వేళాకోళానికే కావచ్చు. దేశాన్ని ముక్కలు చేసినవాళ్లను ఎవరూ అలా నవ్వుతూ అడగలేదు. క్రికెట్ మ్యాచ్ రోజున ఏ వికెట్ పడితే ఎటు నవ్వుతామా అని పక్కవాళ్లు మా మొహాలకేసి చూసిన అనుభవం మాకుంది కాబట్టి, ఈ ప్రశ్న బరువు మాకు తెలుసు.

ఇక మోస్టార్. ఈ ఊరి గురించి కాస్త నిలబడి చెప్పాలి.

నెరెత్వా నది మీద 1566లో కట్టిన రాతి వంతెన ఉన్న ఊరు. వెలెజ్ క్లబ్బు 1922లో పుట్టింది. కార్మికుల క్లబ్బు, ఎర్ర నక్షత్రం దాని గుర్తు. 1970లలో ఆ జట్టుకు ముగ్గురు వీరులు. బాయెవిచ్, మారిచ్, వ్లాదిచ్. జనం మొదటి అక్షరాలు కలిపి ఆ కారు కంపెనీ పేరులాగా ‘బీఎంవీ’ అని ముద్దుగా పిలిచేవారు. దుషాన్ బాయెవిచ్ సెర్బు, ఎన్వర్ మారిచ్ ముస్లిం, ఫ్రాన్యో వ్లాదిచ్ క్రొయేటు. ముగ్గురూ 1974 ప్రపంచ కప్‌కు వెళ్లారు. వెలెజ్ 1981లో, 1986లో యుగోస్లావ్ కప్పు గెలిచింది. రెండోసారి కోచ్ బాయెవిచ్చే.

1992లో సెర్బ్ సైన్యం మీద మోస్టార్ క్రొయేట్లు, ముస్లింలు కలిసి పోరాడారు. 1993 మే 9న క్రొయేటు సైన్యం ముస్లింల మీదికి తిరిగింది. నదికి పడమర ఉన్న ఇళ్లనుంచి తెల్లవారుజామున కుటుంబాలను బయటికి లాగారు. కొందరిని ముందు ఎక్కడికి తోలారో తెలుసా? వెలెజ్ స్టేడియానికి. ఏ గ్యాలరీలో కూర్చుని బీఎంవీ అని అరిచారో అక్కడికే. అక్కణ్ణుంచి బస్సుల్లో హెలియోద్రోం నిర్బంధ శిబిరానికి. ఆ నవంబరు 9న ఫిరంగి దెబ్బలకు పాత వంతెన నదిలో కూలింది.

స్టేడియం పడమటి వైపున ఉంది. దాన్ని జ్రిన్‌స్కీకి ఇచ్చేశారు. అది 1905 నాటి క్రొయేటు క్లబ్బు, ఫాసిస్టుల కాలపు లీగులో ఆడిందని 1945లో నిషేధించారు, 1992లో మళ్లీ లేచింది. వెలెజ్ ఊరికి ఉత్తరాన వ్రాప్చిచి అనే శివారుకు చేరింది. ఇల్లు పోయినవాడు చుట్టాల వసారాలో పడుకున్నట్టు. వంతెనను 2004లో మళ్లీ కట్టారు, పర్యాటకులు ఫోటోలు దిగుతున్నారు. స్టేడియం మాత్రం వెనక్కి రాలేదు.

ఇప్పుడు పత్రికలన్నీ వెలెజ్‌ను ముస్లిం క్లబ్బు, బోస్నియాక్ క్లబ్బు అంటాయి. దాని గ్యాలరీలో ఇప్పుడు ఎక్కువమంది వాళ్లే, నిజమే. మాకూ ‘మనోళ్ల జట్టు’ అని గుండెలకు హత్తుకోవాలనే ఉంటుంది. కానీ ఆ క్లబ్బు తనకు తాను పెట్టుకున్న పేరు కాదది. సెర్బు బాయెవిచ్‌నూ, క్రొయేటు వ్లాదిచ్‌నూ దాని నుంచి ఎవరు తీసేశారు? తరిమినవాళ్లు తీసేశారు. మనం కూడా ‘ముస్లిం క్లబ్బు’ అని రాస్తే ఆ తరిమినవాళ్ల పనే పూర్తి చేసినవాళ్లమవుతాం. పైగా, ముస్లింలు కూర్చున్నంత మాత్రాన ఏ గ్యాలరీ పాక్ అయిపోదు. ఆ డెర్బీ రోజుల్లో రాళ్లు రెండు వైపులనుంచీ పడ్డాయి. అదే సమయంలో, సెర్బియాలో కొన్ని గ్యాలరీల్లో కత్తికీ ముళ్లతీగకూ స్రెబ్రెనిత్సాతో ప్రాస కట్టి అరుస్తారు. 1995 జులైలో ఎనిమిది వేల మందికి పైగా మగవాళ్లను, పిల్లలను చంపిన ఊరు అది. రాయీ ఈ ప్రాసా ఒకే తూకానివని మేం అనడం లేదు.

అభిమానులు నాయకుల చేతిలో కీలుబొమ్మలే అనడమూ సరికాదు. డైనమో కమ్యూనిస్టు పేరని తుజ్‌మన్ దాన్ని ‘క్రొయేషియా జాగ్రెబ్’గా మార్పిస్తే, ఆయన కోసం యుద్ధానికి వెళ్లొచ్చిన ఆ అభిమానులే ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి పాత పేరే అరిచారు, ఆయన పోయాక 2000లో సాధించుకున్నారు. రెడ్ స్టార్ గ్యాలరీ కూడా చివరికి మిలోసెవిచ్ మీద తిరగబడింది.

సారాజెవోలో జెల్యెజ్నిచార్ అనే రైల్వే కార్మికుల క్లబ్బుంది. దాని గ్రబావిత్సా మైదానం యుద్ధరేఖ మీద పడి స్టాండ్లు కాలిపోయాయి. కోషెవో ఒలింపిక్ మైదానాల పక్కన ఖబ్రస్తాన్ వెలిసింది. జనాజాలు అంత పెరిగాయి, చోటు లేక. ఆ క్లబ్బు బిడ్డ ఇవిత్సా ఓసిమ్ అప్పుడు యుగోస్లావియా కోచ్. భార్యా కూతురూ ముట్టడిలో చిక్కుకున్నారు. 1992 మేలో, తన ఊరికోసం చేయగలిగింది ఇదొక్కటేనని ఆయన కన్నీళ్లతో రాజీనామా ఇచ్చాడు. 2011లో బోస్నియా ఫుట్‌బాల్ సంఘానికి ముగ్గురు జాతుల అధ్యక్షులు వంతులవారీగా ఉండటం కుదరదని ఫిఫా సస్పెండ్ చేసింది. చిక్కు విప్పమని ఓసిమ్‌నే పిలిచారు. అప్పటికే పక్షవాతం నుంచి లేచిన మనిషి. ఒక్కొక్కరి దగ్గరికీ తిరిగి ఒప్పించాడు. 2014 ప్రపంచ కప్‌లో బోస్నియా ఆడింది. 2022లో ఓసిమ్ వెళ్లిపోయాడు. ఆయన ఏ జాతివాడని అడిగితే సారాజెవోవాడినని చెప్పేవాడు.

బోబన్ 1998లో క్రొయేషియా కెప్టెన్‌గా ప్రపంచ కప్‌లో మూడో స్థానం తెచ్చాడు. తన్ను తిన్న ఆ పోలీసు, బోబన్‌ను క్షమించానని తర్వాత పత్రికలకు చెప్పాడు.

వెలెజ్ చొక్కా మీద ఎర్ర నక్షత్రం ఇంకా ఉంది. ఆట మాత్రం వ్రాప్చిచిలోనే.