దమనకుడి కొలువు, గబ్బిలం కబురు

తెలుగులో జంతువుల చేత రాజకీయం మాట్లాడించడం పాత విద్యే. 15వ శతాబ్దంలో దూబగుంట నారాయణకవి పంచతంత్రాన్ని పద్యాల్లో చెప్పాడు. 1853లో పరవస్తు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’తో మిత్రలాభం, మిత్రభేదం వచనంలోకి వచ్చి బడిపిల్లల నోళ్లలో నానాయి. మిగతా భాగాలైన విగ్రహం, సంధి కందుకూరి వీరేశలింగం పూర్తిచేశాడు.

మిత్రభేదాన్ని నీతికథ అంటాం గానీ అందులో నీతి గెలవదు. పింగళకుడనే సింహానికి సంజీవకుడనే ఎద్దుతో స్నేహం కుదిరేసరికి కొలువులో నక్కల పలుకుబడి తగ్గుతుంది. వాటిలో దమనకుడనే నక్క ఇద్దరి చెవులూ కొరుకుతాడు. ఎద్దుకు గద్దె మీద కన్నుందని సింహానికి చెబుతాడు, రాజు నిన్ను చంపబోతున్నాడని ఎద్దును బెదరగొడతాడు. ఎద్దు చస్తుంది. బాధపడుతున్న రాజును ఓదార్చేదీ దమనకుడే! అతనికి శిక్ష లేదు, పదవి పదిలం. ఇంత ఉన్నా ఇది కొలువును వెక్కిరించే కథ కాదు, కొలువులో నెగ్గుకురావడం నేర్పే కథ. విష్ణుశర్మ దీన్ని చెప్పింది రాకుమారులకు మరి.

ఆ గురి మార్చినవాడు జాషువా. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపితే, 1941 నాటి ‘గబ్బిలం’లో అంటరానివాడు శివుడికి గబ్బిలంతో కబురంపుతాడు. తనకు గుడి గడప దాటే వీల్లేదు. గబ్బిలం మాత్రం లోపలే తలకిందులుగా వేలాడుతుంది, దాని కులం ఎవరూ అడగరు. వ్యంగ్యమంతా ఆ ఏర్పాటులోనే ఉంది.

బిహార్‌లోని మోతీహారిలో పుట్టిన ఆర్వెల్ 1945లో వచ్చిన ‘యానిమల్ ఫామ్’లో గద్దెనెక్కిన విప్లవాన్ని పందుల వేషంలో చూపించాడు. మనవైపు 1977 దివిసీమ ఉప్పెన మీద నగ్నముని రాసిన దీర్ఘకవిత ‘కొయ్యగుర్రం’లో జంతువుకు ప్రాణమే లేదు. శవాలు తేలుతున్నా కదలని వ్యవస్థకు అంతకంటే తగిన వాహనం ఏముంటుంది? డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’లో పంది మళ్లీ పందిగానే కనిపిస్తుంది. దాన్ని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్లే ముసలివాడి బతుకే అక్కడ రాజకీయం. నాకు ఆర్వెల్ కంటే ఈ ముసలివాడే దగ్గర.

నోరులేని జీవాల రాజకీయం పుస్తకాల్లోనే ఆగదు. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు పారిశ్రామికవాడ మురికి నక్కవాగు మీదుగా మంజీరలో కలిసింది. 1990లో ఆ కాలుష్యం మీద సుప్రీంకోర్టులో కేసు పడింది. వాగు గట్టున మేసే బర్రెలు వకాల్తా ఇవ్వలేవు. జాషువా లెక్కన, అడ్డు లేకుండా ఫ్యాక్టరీ గేటు దాటి వచ్చే ఏ కాకికో వాటి కబురు అప్పగించాలి.