పర్లాకిమిడి పంతులుగారు - పరీక్షాపత్రమున తెలుగు

మద్రాసు విశ్వవిద్యాలయము ఇంటర్మీడియేటు పరీక్షలో దేశభాషారచనమునకు చోటిచ్చిన పిమ్మట, విద్యార్థి యే తెలుగున వ్రాయవలెనన్న ప్రశ్న పుట్టినది. ఆంధ్రదేశమున కీశాన్యపు కొననున్న పర్లాకిమిడి జమీందారీ పట్టణమునుండి ఈ ప్రశ్నకు గట్టిగా బదులు చెప్పినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు.

1912-13లో స్కూలు ఫైనలు విద్యార్థులు వ్యాసమును వాడుకభాషలో వ్రాయవచ్చునని అనుమతి వచ్చినది. పండితులు కలవరపడిరి. 1911లో చెన్నపురిని వెలసిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, జయంతి రామయ్య పంతులుగారి యాధ్వర్యవమున, దానిని గట్టిగా నెదిరించెను. విశ్వవిద్యాలయపు ఉపసంఘమున గురజాడ అప్పారావుగారు 1914లో సుదీర్ఘమైన యసమ్మతిపత్రము సమర్పించిరి. కాని గెలుపు గ్రాంథికవాదులదే యయ్యెను. 1915లో గురజాడవారు కీర్తిశేషులైరి.

సంఘములలో ఓడిన వాదమును రామమూర్తిగారు సభలకు తెచ్చిరి. వారు వృత్తిచే చరిత్రోపాధ్యాయులు. సవరభాష నేర్చుటకు కొండలలో తిరిగి, మన్యపు జ్వరమునకు క్వినైను సేవించి, వినికిడి చాలవరకు కోల్పోయినవారు. ఎదిరిపక్షము మాట సరిగా వినబడని మనిషి బహిరంగవాదమునకు దిగుట సాహసమే. అయినను వారి బలము చెవిలో లేదు, చేతిలోని పుస్తకములలో నున్నది. 1916లో కొవ్వూరి పండితసభలో నాలుగు గంటలసేపు ప్రసంగించి, గ్రాంథికమును విధించువారే దానిని దోషరహితముగా వ్రాయలేకున్నారని వారి గ్రంథములనుండియే ఉదాహరణములు చూపిరి. కందుకూరి వీరేశలింగముగారి రచనలను గూడ విడిచిపెట్టలేదు. వ్యాకరణసూత్రముపై సూత్రము చెప్పి గెలుచుట కలవాటుపడినవారికి, స్వంత పుటలనే సాక్ష్యముగా నిలుపు ఈ పద్ధతి మింగుడుపడలేదు. చరిత్రకారుడు శాసనమును చదువునట్లు పంతులుగారు పండితుల వచనమును చదివిరనుట తగును.

విశేషమేమనగా, ఆ వీరేశలింగముగారే 1919లో రాజమహేంద్రవరమున ఏర్పడిన వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజమునకు అధ్యక్షులైరి. ఆ సంవత్సరమే వారు పరమపదించిరి. రామమూర్తిగారు అదే యేట 'తెలుగు' అను మాసపత్రికను వెలువరించిరి. 1924లో కాకినాడయందు ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారికముపై తాను విధించిన నిషేధమును ఎత్తివేసెను.

1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడి పర్లాకిమిడి యందు చేరెను. అది ఒరిస్సాలో చేరుట కిష్టపడని పంతులుగారు, జీవితమున హెచ్చుభాగము గడిపిన యూరిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి. అక్కడి తెలుగువారు మాత్రము ఆ యూరనే నిలిచిరి. వారి బిడ్డలకు ఏ భాషలో చదువన్న ప్రశ్న మరియొక రూపమున మొదలైనది.

1940 జనవరి 15న, డెబ్బదియారేండ్ల వయసున, పంతులుగారు ప్రజామిత్ర కార్యాలయమున పత్రికాసంపాదకుల యెదుట కడపటి విన్నపము చేసిరి. ప్రజలకు వార్త నందించువారు ప్రజల భాషలోనే వ్రాయవలెనని కోరిరి. జనవరి 22న కన్నుమూసిరి.