డ్రిల్లు బ్యాటరీ ఎందుకు మొండికేస్తది? ఆ పచ్చబోర్డు ఎనక కథ



మన సులైలో ఏ క్యాంపు రూముకు పోయినా మంచం కింద ఒక "చచ్చిపోయిన" డ్రిల్లు బ్యాటరీ ఉంటది. ఛార్జర్‌లో పెడితే ఎర్రలైటు కొట్టుకుంటది, ఎక్కదు. అప్పుడు మనోళ్ళు డబ్బా విప్పి, లోపలి పచ్చబోర్డును తప్పించి వైరు డైరెక్ట్ కొడతరు. మిషను తిరుగుతది కూడా. అందుకే ఇది రాస్తున్న.

పాత నికెల్ కాడ్మియం బ్యాటరీలకు ఇంత కాపలా లేకుండె. లిథియం వేరే జాతి. 1970లలో అమెరికాలో ఎక్సాన్ కంపెనీలో విట్టింగ్‌హామ్ అనే సైంటిస్టు లిథియం లోహంతో బ్యాటరీ చేసిండు. బలం బాగుండె, కానీ ఛార్జ్ చేసిన కొద్దీ లోపల లిథియం ముళ్ళలెక్క పెరిగి, అవతలి పొరకు తాకి షార్ట్ అయ్యేది. కెనడాలోని మోలి కంపెనీ అసొంటిదే అమ్మింది. 1989లో జపాన్‌లో ఆ బ్యాటరీ ఉన్న ఫోను మంట లేచి వాడేటాయనకు గాయమైంది, మాల్ అంతా వాపస్ తీసుకున్నరు. అంతకుముందే 1980లో గుడ్‌ఎనఫ్ కోబాల్ట్ ఆక్సైడ్ పొర, 1985లో యోషినో లోహం బదులు కార్బన్ పెట్టే దారి చూపిండ్రు. ఆ దారిలోనే సోనీ 1991లో బజారుకు తెచ్చింది. ఈ ముగ్గురికి 2019లో నోబెల్ వచ్చింది.

కార్బన్ పెట్టినా పూర్తిగా తప్పలే. సెల్లుకు 4.2 వోల్టు దాటించి ఎక్కిస్తే మళ్ళీ అవే ముళ్ళు. మరీ దించేస్తే లోపలి రాగిరేకు కరుగుతది, మళ్ళీ ఛార్జ్ పెట్టినప్పుడు ఆ రాగే షార్ట్ చేస్తది. అందుకే బోర్డు వచ్చింది.

అది చేసే పని ఇది. మామూలు బోర్డు సెల్లు 4.25 దగ్గర ఛార్జింగు కట్ చేసి, 4.1 దాకా దిగితేనే తెరుస్తది. కింద 2.5 దగ్గర మూసి, 3 దాకా ఎక్కితేనే తెరుస్తది. బోర్డును బట్టి అంకెలు కొంచెం మారుతయి. మధ్యలో ఆ గ్యాప్ ఎందుకంటే, లోడ్ తీయంగనే సెల్లు వోల్టేజి దానంతట అదే లేస్తది. గ్యాప్ లేకుంటే ఆన్ ఆఫ్, ఆన్ ఆఫ్ కొట్టుకుంటది. డ్రిల్లు బ్యాటరీలో ఐదు సెల్లులు వరుసగా ఉంటయి, ఒక్కటి దిగినా డబ్బా మొత్తం బంద్. మనకు అది "చచ్చింది".

షార్ట్ అయి మూసుకుంటే మిషను నుంచి తీసి కాసేపు ఆగితే చాలాసార్లు తెరుచుకుంటది. దిగిపోయి మూసుకుంటే సరైన ఛార్జర్ తగిలించాలె, దానికి ముందు కొంచెం కొంచెంగా ఎక్కించే లెక్క ఉంటది. వేడికి మూసుకునుడు మన దగ్గర ఎక్కువ. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం మూడు గంటలు ఎండలో పని బంద్ గదా, ఆ టైములో బ్యాటరీలు పికప్ ముందట అద్దం కింద పడి ఉంటయి. లిథియం 45 డిగ్రీలు దాటితే ఛార్జ్ పట్టొద్దని బోర్డు ఆపుతది. నీడలో గంట పెట్టండి, లేస్తది. ఇవేవీ పని చేయకపోతే మల్టీమీటర్ పట్టి ఒక్కో సెల్లు చూడాలె. ఒకటి 1.5 కంటే కింద పడి చాలా రోజులైతే ఆ సెల్లు పోయినట్టే. వేరే బ్యాటరీతో తట్టి లేపుడు అంటే, కరిగిన రాగి మీద కరెంటు పోసుడే.

2022 మనోళ్ళందరికి యాదుండాలె. ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగు పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి 80 ఏండ్ల పెద్దాయన పోయిండు. అదే నెల విజయవాడలో పడకగదిలో కొత్త బండి బ్యాటరీ పేలి ఇంటాయన పోయిండు. సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో స్కూటర్ షోరూంలో మంట లేచి, పొగ పైనున్న హోటల్లోకి కమ్మి 8 మంది పోయిండ్రు. రూల్స్ మార్చిన కమిటీకి పెద్ద మన హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐకి అప్పటి డైరెక్టర్ టాటా నరసింగరావు. బ్యాటరీ కాపలా బోర్డు, వేడి చూసే సెన్సార్లు, సెల్లుల మధ్య జాగా అన్నీ గట్టిచేసిండ్రు. కొన్ని 2022 డిసెంబర్ నుంచి, మిగతావి 2023 మార్చి చివర నుంచి అమలైనయి, అవి కూడా కొత్త బండ్లకే.

మన రూములల్ల పది మంది పండుకుంటం, తలుపు ఒక్కటే. డైరెక్ట్ కొట్టిన బ్యాటరీ ఉంటే ఛార్జింగు బయట పెట్టండి, రాత్రి కాదు. ఛార్జర్ల గురించి వచ్చే శుక్రవారం రాస్త.